కంబన్న పుస్తకంలో జూన్ ఇరవై ఐదు

ఆలూరు నుంచి వచ్చే బస్సులు మలుపు తిరిగే చోట కంబన్న టీ అంగడి ఉంది. అంగడి గోడకు ఒక నల్లబల్ల. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, అవి కాగేలోపు ఆయన ఆ బల్ల మీద సుద్దముక్కతో నాలుగు వరుసలు రాస్తాడు. ఆ తేదీన లోకంలో జరిగినవి రెండు, ఊళ్లో జరిగినవి రెండు. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన వరుస కిందే ప్రేమయ్య బోరులో రెండు వందల నలభై అడుగులకు నీళ్లు పడిన సంగతి ఉంటుంది. రెండింటికీ అక్షరాలు ఒకే పరిమాణం.

కంబన్న చదువు ఐదో తరగతితో ఆగింది. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్లు. అంగడి పెట్టిన కొత్తలో ఒక బ్యాంకు గుమాస్తా పాత డైరీ ఇచ్చిపోయాడు. తేదీకి ఒక పేజీ. ఏడాది దాటిన డైరీ దేనికని అందరూ అన్నారు గానీ, ఏడాది పోయినా తేదీ మళ్లీ వస్తుంది కదా అనుకున్నాడు కంబన్న. కడప రేడియోలో విన్నవి, బోండాలు కట్టే కాగితాల్లో చదివినవి, టీ తాగుతూ జనం చెప్పినవి, ఏ ఏడాదివైనా ఆ తేదీ పేజీలోకే చేరాయి. పేజీ నిండితే కాగితం చేర్చి దబ్బనంతో కుట్టాడు. ఇప్పుడది దిండంత లావైంది. దానిమీదే తల పెట్టుకొని పడుకుంటే తనకో దిండు మిగులుతుందని ఆయన భార్య వరమ్మ అంటూ ఉంటుంది.

ఆ పుస్తకానికి ఒక కట్టుబాటు ఉంది. ఊరి సంగతి ఒక్కరే చెబితే పెన్సిల్‌తో రాస్తాడు. రెండో మనిషి వచ్చి అవునన్నాక పెన్నుతో దిద్దుతాడు. పెన్సిల్ రాత బల్ల మీదికి ఎక్కదు.

పోయినేడు జూన్ ఇరవై మూడున మంచి వాన పడింది. మరునాడు మధ్యాహ్నం ఈరేష్ అంగడికొచ్చి, టీ తాగకుండా కూర్చున్నాడు. ఆరెకరాలకు వేరుశనగ బుడ్డలు ఒలిచి, విత్తనానికి మందు కలిపి పెట్టాడు. ఇక దాచడానికి లేదు. విత్తే ట్రాక్టర్ వంతు రేపే, ఇరవై ఐదున. అది తప్పితే మళ్లీ నాలుగు రోజులకు. అప్పటిదాకా ఈ గాలికి నేలలో పదును నిలవదు. విత్తనమూ పోతుంది, ఏడాదీ పోతుంది. కానీ వాళ్లమ్మ ఈరక్క ఒప్పుకోవడం లేదు.

"ఆ తేదీన చేలో కాలు పెడితే నా పీనుగ చూస్తావంటాంది మామా. నీ మాటైతే ఇంటాది. రా."

ఆ తేదీ సంగతి ఊరంతటికీ తెలుసు. పంతొమ్మిదేళ్ల కిందట ఈరక్క భర్త చంద్రన్న చేలో పిడుగు పడి పోయింది జూన్ ఇరవై ఐదునే. తర్వాత వాళ్ల ఎద్దు చచ్చిందీ, బోరు వేస్తే దుమ్ము లేచిందీ ఆ తేదీనేనని ఆమె చెబుతుంది. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ గడప దాటరు.

అంగడి వరమ్మకు అప్పజెప్పి, పుస్తకం తువ్వాల్లో చుట్టుకొని కంబన్న లేచాడు. ఆ పుస్తకం అంగడి దాటడం అదే మొదటిసారి.

ఈరక్క విత్తనాల మూటకు ఆనుకొని కూర్చుని ఉంది. ఎందుకొచ్చాడో తెలిసిపోయి, ముందే మొదలుపెట్టింది. "ఆ తేదీ మమ్మల్ని తినేసింది కంబన్నా. మొగుడు పాయ, ఎద్దు పాయ, బోరు పాయ. ఇంక నా కొడుకొక్కడే ఉండాడు."

కంబన్న వాదించలేదు. పేజీలు తిప్పాడు. ఎద్దు చచ్చింది జూన్ ఇరవై తొమ్మిదిన. పశువుల డాక్టరు వచ్చి రెండు టీలు తాగి పోయాడు. బోరు జులై రెండున. బోరు లారీవాళ్లు ఆ పూట బోండాలన్నీ తినేశారు. రెండూ పెన్ను రాతలే. నువ్వే తప్పు రాసుంటావని ఈరక్క అంది. ఎద్దు సంగతి నువ్వూ చెప్పావు, డాక్టరూ చెప్పాడు అన్నాడు కంబన్న. అన్నీ ఆరుద్ర కార్తెలోనే కదా జరిగాయని ఆమె నిలదీసింది. కార్తెకు పద్నాలుగు రోజులు ఉంటాయన్నాడు.

తర్వాత ఆయనే అడిగాడు. "అక్కా, ఈ తేదీ గాక నీకు ఇంకే తేదీ తెల్సు?"

ఈరక్క ఆలోచించింది. కొడుకు పుట్టింది ఉగాదికి నాలుగు రోజుల ముందు. పెళ్లి వైశాఖంలో. ఇంగ్లీషు తేదీ మాత్రం ఒక్కటే. వితంతు పింఛను కోసం రెండేళ్లు ఏ కార్యాలయం మెట్లెక్కినా తేదీ చెప్పమ్మా అన్నారు. చెప్పీ చెప్పీ అది నోట్లో నిలిచిపోయింది. ఆ తర్వాత ఏ చెడు జరిగినా దానికి తగిలించడానికి ఆమె దగ్గర ఇంకో తేదీ లేదు.

"ఇంకేమీ తెలీదు" అంది.

కంబన్న ఇరవై ఐదో తేదీ పేజీ తీసి, మొదటినుంచీ చదివాడు. పంతొమ్మిది వందల యాభైలో కొరియాలో యుద్ధం మొదలైంది. డెబ్బై ఐదులో దేశంలో ఎమర్జెన్సీ పెట్టారు. ఎనభై మూడులో మనవాళ్లు క్రికెట్ ప్రపంచ కప్పు గెలిచారు. దాని కిందే పెన్నుతో ఇంకో వరుస. ఆ సాయంత్రం అంగడి రేడియో చుట్టూ ముప్ఫైమంది ఉండగా చంద్రన్న వచ్చాడు. ఆట సంగతి అడగలేదు. తన చేలో కొత్త కోడలు ఈరక్క విత్తే గొర్రు వెనక నడిచి తొలి పిడికెడు విత్తనం వేసిందని చెప్పి, అందరికీ బెల్లం పంచాడు.

ఈరక్క పుస్తకం మీదికి వంగింది.

"బెల్లం పంచినాడా? నాకు చెప్పనే లేదే" అంది. "ఊరందరికీ పెట్టి, విత్తిన నాకు ఒక తునక గూడా తేలే."

ఈరేష్‌కు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. ఆ కింది వరుస దగ్గర కంబన్న ఆగిపోయాడు. ఈరక్క అదీ చదవమంది. చంద్రన్న పోయిన వరుస చదివాడు.

"రెండూ ఒగ పేజీలోనేనా?"

"ఒగ పేజీలోనేక్కా."

"రెండూ పెన్నేనా?"

"రెండూ పెన్నే."

ఆమె మూట మీదనుంచి వీపు తీసింది. ట్రాక్టరాయనకు ఫోను చేయమని కొడుకుతో చెప్పింది. తానూ చేనికి వస్తానంది.

మరునాడు పొద్దెక్కేలోపు ఆరెకరాలూ విత్తారు. సాయంత్రం ఈరేష్ అంగడికొచ్చి ఆ మాట చెబితే కంబన్న అదే పేజీలో అడుగున పెన్సిల్‌తో రాశాడు. చెప్పింది ఒక్కరే కదా.

తొమ్మిదో రోజుకు మొలకలు సాళ్లు కట్టి లేచాయి. ఆ పొద్దున ఈరక్క అంగడికి వచ్చింది. ఎప్పుడూ ఆ బల్ల వైపు చూసే మనిషి కాదు. టీ గ్లాసు పక్కన పెట్టి, పుస్తకం తీయమంది.

"నేను రెండో మనిషిని. పెన్ను యాడుండాది?"