చెవిలో చెప్పిన రేటు

మొన్న రాయచూరులో కొత్తగా పెట్టిన పెద్ద దుకాణంలో కందిపప్పు కొన్నాను. అర మీద చీటీలో ఒక ధర, బిల్లులో ఇంకో ధర. అడిగితే కౌంటర్ దగ్గరి అమ్మాయి తలెత్తకుండానే "కంప్యూటర్ల గిట్లనే ఉంది అంకుల్" అంది. నా వెనకున్నాయన గట్టిగా నిట్టూర్చాడు. కంప్యూటరుతో పోట్లాడే వయసా నాది? డబ్బిచ్చి బయటపడ్డాను. దారి పొడుగునా మా మేనత్తే గుర్తొచ్చింది.

రాయచూరు దగ్గరి థర్మల్ ప్లాంటులో ఉద్యోగమొచ్చి, కాలనీలో క్వార్టరు దొరికిన కొత్తల్లో అత్తను నా దగ్గరికి తెచ్చుకున్నాను. మామ పోయాక రాయచూరు బజారులో వాళ్ళ కిరాణా కొట్టు మూతపడింది. పుట్టినింట్లోనూ మెట్టినింట్లోనూ వ్యాపారమే చూసిన మనిషికి క్వార్టరులో ఏం తోస్తుంది? ఆరేసిన బట్టల మీది బూడిద దులపడం, మా ఆవిడ వంటకు వంకలు పెట్టడం, అంతే. అందుకని పొద్దున్నే కాలనీ గేటు అవతలి కిరాణా కొట్టుకు బయల్దేరేది. కాస్త జీలకర్రకు గంటసేపు! సేటు కూడా తెలుగువాడే, ఆమెకు స్టూలు వేయించేవాడు. దాని మీద కూర్చున్నంతసేపూ అత్త మళ్ళీ బజారు మనిషి. ఇంటికొచ్చాక ఏ బెల్లం ఏ ఊరిదో మాకు ఉపన్యాసం.

మామ కొట్టులో ఒక కట్టుబాటు ఉండేది. పొద్దున దీపం పెట్టి పలక మీద రాసిన రేటు సాయంత్రం దీపం దాకా చెరపకూడదు. మధ్యాహ్నం మార్కెట్టులో ధర పెరిగితే ఆ నష్టం కొట్టుదే. ఇంకోటి కూడా ఉండేది. తోటి దుకాణదారు తప్పు కనబడితే గిరాకీల ముందు అనకూడదు, అందరూ వెళ్ళాక చెవిలో చెప్పాలి.

ఈ సేటు బస్తాల్లో గుచ్చిన అట్టముక్కల మీద ఒక రేటు ఉండేది, తూకమయ్యాక అతను చెప్పేది ఇంకోటి. బొగ్గు దింపే కూలీల ఆడవాళ్ళు అట్ట చూసి, కొంగుముడి విప్పి సరిచూసుకుని అడిగేవాళ్ళు. తీరా తూచాక చాలక, నూనె సీసా వెనక్కి పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. అత్త చూడలేకపోయింది. కొట్టు ఖాళీ అయ్యేదాకా ఆగి, గల్లాపెట్టె మీదికి వంగి గుసగుసగా చెప్పింది.

"అట్టలు పాతయి ఉన్నయి నాయనా, మార్చుకో. ఎవరన్న చూస్తే నీ ఇజ్జత్ పోతది."

"అయ్యో, అట్లనే అమ్మా" అన్నాడు. మర్నాడూ అవే అట్టలు. మళ్ళీ చెవిలోనే. అందరి ముందూ కడిగేయరాదా అన్నాను ఒకసారి. "ఏంది బిడ్డా, కొట్టు పెట్టుకున్నోని పరువు గిట్ల బజార్ల పారేస్తమా?" అని నా మీదే లేచింది.

చివరికొక రోజు చంకలో పిల్లతో వచ్చిన ఒకామె, కట్టించుకున్న బియ్యం పొట్లం విప్పించి సగం వెనక్కి పోయించింది. ఆ పూట అత్త అన్నం ముట్టలేదు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కి రాయచూరు వెళ్ళి పౌరసరఫరాల ఆఫీసులో ఫిర్యాదు చేసింది.

అధికారి జీపులో వచ్చాడు. సేటుకు ఎట్లా తెలిసిందో, ఆ రోజు అట్టలన్నీ కొత్తవి, రేట్లన్నీ సరైనవి. ఇదివరకు కొట్టువాడికి చెప్పారా అని అధికారి కన్నడంలో అడిగాడు. చాలాసార్లు చెప్పానంది అత్త. సేటు చేతులు కట్టుకుని, గుమిగూడిన గిరాకీల వైపు తిరిగాడు.

"అమ్మ నాకు చెప్పిందంట. మీల ఎవరన్న విన్నరా?"

ఎవరూ వినలేదు. ఎవరూ వినకూడదనే కదా ఆ మహాతల్లి అట్లా చెప్పింది! అట్టల సంగతి తెలిసిన కూలీ ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. రేపు బియ్యం కొనాల్సింది వాళ్ళు అక్కడే. అధికారి జీపెక్కి వెళ్ళిపోయాడు. దారంతా నేను సేటును తిడుతూనే ఉన్నాను. అత్త మాత్రం ఇంటికొచ్చేదాకా ఒకటే మాట.

"కొట్ల కూసున్నోడు అబద్ధమాడతడా బిడ్డా?"

తర్వాత సేటు అట్టలన్నీ పీకేశాడు. రేటు అడిగితే నోటితో చెప్పడమే. "అవ్వ పుణ్యాన రేటు చూసుకునేది గూడ పోయింది" అని ఆడవాళ్ళు అత్త వినేలాగే అనుకున్నారు. ఆమె మళ్ళీ ఆ కొట్టు మెట్టెక్కలేదు. జీలకర్ర నేనే తెచ్చేవాణ్ణి. ఎంతకు తెచ్చావని ఒక్కసారి కూడా అడగలేదు.

కొన్నాళ్ళు పోతే సర్దుకుంటుందిలే అన్నాను మా ఆవిడతో. కాలం సర్దిందేమీ లేదు. పొద్దున్నే వెళ్ళడానికి చోటు లేని రోజుల్ని ఒకదాని వెనక ఒకటి తెచ్చి అత్త ముందు పెట్టింది, అంతే.