సామాన్య సభ్యుడి అసామాన్య తెలుగు

మా దగ్గర్లోని విశ్వవిద్యాలయంలో ఎథిక్స్ కమిటీ అని ఒకటి ఉంది. మనుషుల మీద ఏ పరిశోధన చేయాలన్నా ముందు ఆ కమిటీ ఒప్పుకోవాలి. దాని మినిట్స్ పుస్తకంలో ఒకచోట ఇలా ఉంటుంది: "సామాన్య సభ్యుడి సూచన మేరకు తెలుగు పత్రం సవరించడమైనది." అంతే, ఒకే ఒక్క వాక్యం. చదివినవాళ్లు ఎవరో బుద్ధిమంతుడు మంచి సూచన చేశాడనుకుంటారు. ఆ సామాన్య సభ్యుణ్ణి నేనే. ఆ వాక్యం పుణ్యాన ఒక మిరపచేలో పని ఆగిందనీ, ఒక అమ్మాయి చదువు ఏడాది వెనక్కి పోబోయిందనీ మినిట్స్‌లో లేదు. మినిట్స్ రాసేవాళ్లు మర్యాదస్తులు. అందుకే నేను రాయాల్సి వచ్చింది. రేపు నా కుర్చీలో కూర్చోబోయేవాడు ఇది చదివి బాగుపడాలి. మిగతావాళ్లు నవ్వుకున్నా నాకు అభ్యంతరం లేదు.

నాది నల్లపాడు రోడ్డులో మోటారు వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుడతాను. నా చదువు పదో తరగతితో ఆగి, లైబ్రరీలో మళ్లీ మొదలైంది. ఈ కథ జరిగేనాటికి నేను ఇప్పటికంటే కొన్నేళ్లు చిన్నవాణ్ణి, చాలా రెట్లు తెలివైనవాణ్ణి. షాపులో ఒక చేత్తో రాగితీగ, ఇంకో చేత్తో లైబ్రరీ పుస్తకం. ఒకరోజు మోటారు ఇవ్వడానికి వచ్చిన డాక్టర్ వసుంధర గారు అది చూశారు. ఆవిడ ఆ కమిటీకి ఛైర్‌పర్సన్.

"మా కమిటీలోకి వస్తారా? యూనివర్సిటీతో సంబంధం లేని బయటి మనిషి ఒకరు ఉండాలి. సామాన్య సభ్యుడు అంటాం."

నా చెవులు ఆ మాటలన్నీ వడకట్టి ఒక్క 'సభ్యుడు'ను లోపలికి పంపాయి. సాయంత్రానికల్లా వీధిలో అందరికీ చెప్పేశాను, విశ్వవిద్యాలయం వారికి నా పాండిత్యం అవసరం పడిందని.

మొదటి సమావేశంలో పరిశోధన విద్యార్థిని నజీమా దరఖాస్తు వచ్చింది. మిరపకాయలు కోసే ఆడకూలీలకు చేతులు భగ్గున మండుతాయి కదా, ఆ మంట తగ్గించే పూత ఒకటి ఆమె తయారుచేసింది. ఒక చేతికి ఆ పూత, ఇంకో చేతికి ఉత్త నూనె రాసి చూస్తుంది. కూలీలకు ముందే చదివి వినిపించడానికి తెలుగులో ఒక పత్రం రాసింది. "మీ చేతికి ఒక పూత రాస్తాం. మంట తగ్గుతుందో లేదో చూస్తాం. ఇష్టం లేకపోతే వద్దనండి. మధ్యలో మానేసినా ఎవరూ ఏమీ అనరు." ఇలా సాగింది.

వసుంధర గారు నా వైపు తిరిగారు. "చదివారా? మామూలు మనిషికి అర్థమవుతుందా?"

ఆ సమావేశాల్లో ఎవరూ లేచి నిలబడరు. నేను నిలబడ్డాను.

"శుభ్రంగా అర్థమవుతుందండీ. అదే దీంట్లో లోపం."

"అంటే?"

"కల్లంలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నట్టుంది. విశ్వవిద్యాలయం పేరు మీద వెళ్లే కాగితం ఇలాగేనా ఉండేది? 'చేతికి పూత రాస్తాం' ఏమిటండీ, గోడకు సున్నం వేసినట్టు!"

నజీమా మెల్లగా అంది, "సార్, ఇది వాళ్ల ముందు చదివి వినిపించాలి..."

"అమ్మా, కూలీలని వాళ్లను చిన్నచూపు చూడకూడదు. మంచి తెలుగు వినే హక్కు వాళ్లకూ ఉంది!"

ఇక నన్ను కాదనేదెవరు? ఎథిక్స్ కమిటీలో కూర్చుని న్యాయం మాట్లాడినవాణ్ణి కాదంటే బాగుండదు. "పాయింటే," అన్నారు కమిటీలోని వకీలు గారు, ఫోనులోంచి తల ఎత్తకుండా. వసుంధర గారు కాసేపు తటపటాయించి, "సరే, మీరే సవరించండి. మామూలు మనిషికి అర్థమవుతుందో లేదో చూసి, సంతకం పెట్టి పంపండి," అన్నారు.

గమనించారా? రాసేదీ నేనే, బాగుందో లేదో తేల్చేదీ నేనే. నా పరీక్ష నేనే రాసి, నేనే దిద్దుకుని, నూటికి నూరు వేసుకున్నాను.

లైబ్రరీలో నిఘంటువు ముందేసుకుని కూర్చున్నాను. చిన్న మాట కనిపిస్తే చాలు, దానికి తీగ చుట్టడం మొదలుపెట్టాను. చుట్టగా చుట్టగా తేలింది ఇది: "ప్రయోగాధీన వ్యక్తి హస్త బాహ్యచర్మముపై పరీక్షాధీన లేపనమును అనుప్రయోగించి, దహనానుభూతి తీవ్రతా న్యూనీకరణమును అంచనా వేయుట ఈ అధ్యయన లక్ష్యము. ప్రతికూల ప్రభావ సంభావ్యత అత్యల్పము. స్వచ్ఛంద నిష్క్రమణాధికారము అప్రతిహతము."

ఇంటికొచ్చి మా ఆవిడ సుభాషిణికి రాగయుక్తంగా వినిపించాను.

"ఎలా ఉంది?"

"పెళ్లి మంత్రాల్లా ఉంది. కానీయండి, అన్నం చల్లారిపోతోంది."

మెచ్చుకుందనుకున్నాను. సంతకం పెట్టి పంపాను. కమిటీలో అందరూ కళ్లకద్దుకుని ఆమోదించారు.

కొన్నాళ్లకు నజీమా ఫోన్ చేసింది. "సార్, ఒకసారి పెదకాకాని అవతల చేను దగ్గరికి రాగలరా? మీ కాగితం వినిపించాను. రాసినాయన్నే రమ్మంటున్నారు."

అభినందించడానికేమో అని ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

మధ్యాహ్నం భోజనాల వేళ. ఒంగోలు వైపు నుంచి కోతకు వచ్చిన ముఠా గట్టు మీద కూర్చుని ఉంది. వాళ్ల మేస్త్రి కోటమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఈయనేనా రాసింది? కూకో బాబూ. నువ్వే సదువు, ఇంటాం."

గొంతు సవరించుకుని చదివాను. 'దహనానుభూతి' దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి ఒక గొంతు లేచింది.

"ఏందే, దహనం అంటన్నాడు?"

"సేతులు కాలుస్తారంటనా?"

"మనయి ఇప్పటికే కాలతన్నయి గదా, ఇంకేం కాలుస్తారే!"

నేను చెయ్యి పైకెత్తాను. "అమ్మా, అది కాదు. చివరిదాకా వినండి. స్వచ్ఛంద నిష్క్రమణాధికారము అప్రతిహతము."

"ఆ ఆఖరుది ఏంది బాబూ?" అంది కోటమ్మ.

నిజం చెబుతున్నాను, ఆ మాట దాని శబ్దం నచ్చి పెట్టుకున్నాను. అర్థం నిఘంటువులోనే వదిలేసి వచ్చాను. కాసేపు తడుముకుని, "అంటే... ఎవరూ ఆపలేనిది," అన్నాను.

"ఆపలేందా! ఒకసారి మొదలెడితే ఎవురూ ఆపలేరంట! లెగండే!"

ముఠాలో ఒకరు లేస్తే అందరూ లేస్తారు. వద్దనే హక్కు వాళ్లకుందని నా కాగితం చెప్పలేకపోయింది. అయినా ఆ హక్కును అందరూ కలిసి ఒకేసారి వాడుకుని వెళ్లిపోయారు. అన్నం సగంలో వదిలేసి మరీ వెళ్లారు. గట్టు మీద నేను, నజీమా, నా ఇస్త్రీ చొక్కా మిగిలాం.

"పాత కాగితం ఉందా అమ్మా?" అన్నాను.

"ఉంది సార్."

"దాన్నే చదివేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

నజీమా నా వైపు చూసిన చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "కుదరదు సార్. ఆమోదం వచ్చింది మీ కాగితానికి. ఆమోదం లేనిది చదివి చేతికి పూత రాస్తే, అది పరిశోధన అవదు, తప్పవుతుంది."

"అయితే మళ్లీ కమిటీలో పెడదాం."

"మామూలు మీటింగ్ దాకా ఆగితే ఈ కోత అయిపోతుంది. ఇదే ఆఖరి కోత. వీళ్లు ఊళ్లకు వెళ్లిపోతారు. మళ్లీ చేను ఎర్రబడాలంటే వచ్చే ఏడే." కాగితం సంచిలో పెట్టుకుంటూ అంది, "మా అమ్మ కూడా మిరపకోతకు వెళ్లేది సార్. ఇంటికొచ్చి చేతులు మజ్జిగలో పెట్టుకుని కూర్చునేది. ఆ చేత్తో నాకు అన్నం కలపడానికి భయపడేది."

అప్పటిదాకా నాకు ఇది నా తెలుగుకు జరిగిన అవమానంగానే ఉంది. అప్పుడు కాస్త సిగ్గేసింది. అక్కడినుంచే వసుంధర గారికి ఫోన్ చేశాను.

"అత్యవసర సమావేశం పెట్టవచ్చు," అన్నారావిడ. "కానీ కారణం ఉండాలి. పత్రం మామూలు మనిషికి అర్థం కావడం లేదని సామాన్య సభ్యుడు చెప్పాలి."

"అది రాసింది నేనే కదండీ!"

"అవును. చెప్పాల్సిందీ మీరే."

"పోనీ, రాజీనామా చేస్తానండీ."

"చేస్తే కోరం పోతుంది. సామాన్య సభ్యుడు లేకుండా ఆ సమావేశం చెల్లదు. నజీమాకు ఏడాది పోతుంది. రేపు ఉదయం వచ్చేయండి."

తప్పించుకోవడానికి కూడా వీల్లేకుండా నియమాలు రాసినవాళ్లెవరో కానీ, వాళ్ల చేతులు మండ అనుకున్నాను.

మర్నాటి సమావేశంలో ఈసారి లేచి నిలబడలేదు. కుర్చీలోనే వీలైనంత కిందికి జారాను.

"నాకు... అర్థం..."

"కాస్త గట్టిగా," అన్నారు వసుంధర గారు.

"నాకు అర్థం కాలేదండీ."

ఎవరి మొహమూ చూడలేక తలెత్తి ఫ్యాను వైపు చూశాను. దాని బేరింగ్ పోయిందని చప్పుడును బట్టి తెలిసింది. తర్వాత మందుల ప్రొఫెసరు గారు కళ్లద్దాలు తీశారు.

"నిజం చెప్పాలంటే, నాకూ అర్థం కాలేదు."

"నాకూ," అన్నారు వకీలు గారు, ఈసారి ఫోను పక్కన పెట్టి. "మిగతా అందరికీ అర్థమైందేమోనని ఊరుకున్నాను."

వసుంధర గారు నవ్వాపుకోలేకపోయారు. "నేను రెండో వాక్యం దాటలేదు. సంతకం మాత్రం పెట్టాను." తర్వాత నాతో అన్నారు, "చూడండి, అర్థమయ్యేవాళ్లం ఈ బల్ల చుట్టూ ఎంతమందైనా ఉన్నాం. అర్థం కాలేదని చెప్పే ధైర్యం ఉన్నవాడు ఒక్కడు కావాలనే మిమ్మల్ని పిలిచాం. మీరు వచ్చి మా అందరికంటే ఎక్కువ అర్థం చేసుకున్నారు!"

పాత కాగితానికి అక్కడికక్కడే ఆమోదం వచ్చింది. ఆ మధ్యాహ్నమే గట్టు మీద నజీమా చదివింది. నేను దూరంగా, నోరు మూసుకుని, ట్రాక్టరు పక్కన నిలబడ్డాను. విన్నది వాళ్ల మాటల్లో తిరిగి చెప్పాలని నియమం. కోటమ్మ చెప్పింది.

"ఒక సేతికి మందు, ఇంకో సేతికి ఉత్త నూనె. మంట ఎక్కువైతే ఈ పిల్లకి ఫోన్ సెయ్యాల. ఇష్టం లేకపోతే మానుకోవచ్చు. అంతేగా?"

"అంతే అమ్మా," అంది నజీమా.

"దీనికా ఆయన నిన్న మా అన్నాలు సెడగొట్టింది?"

చాలామంది ఒప్పుకున్నారు. ఇద్దరు వద్దన్నారు. ఈసారి మాత్రం వద్దనవచ్చని తెలిసే అన్నారు.

కనుక, నిఘంటువు మీద చెయ్యివేసి ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఆ కుర్చీలో ఉన్నంతకాలం, అర్థం కానిది అర్థమైందని ఎన్నడూ అనను. అవసరమైతే అర్థమైనదాన్ని కూడా మరోసారి అనుమానిస్తాను. ఏ కూలీ చేతి మీదా సమాసం రాయను.

ఈ వృత్తాంతానికి తోడ్పడినవారికి కృతజ్ఞతలు. కోపం తెచ్చుకోనందుకు నజీమాకు. రాజీనామా తీసుకోనందుకు డాక్టర్ వసుంధర గారికి. సమయానికి లేచి వెళ్లిపోయినందుకు కోటమ్మకు, ఆమె ముఠాకు. చివరగా మా ఆవిడ సుభాషిణికి. ఇదంతా రాసి మొదట వినిపించింది ఆమెకే. "అర్థమైంది," అంది. ఇప్పుడు నేను అంత తేలిగ్గా నమ్మేవాణ్ణి కాదు కదా, నియమం ప్రకారం ఆమె మాటల్లో తిరిగి చెప్పమన్నాను.

"అన్నం చల్లారిపోతోందని ఆ రోజే చెప్పాను. మీరే వినలేదు," అంది.

ఆమెకు సరిగ్గానే అర్థమైంది.