ఫాదీ అన్న మాట

దమ్మామ్ కూరగాయల మార్కెట్‌లో టమాటాలు ఏరుకుంటుంటే మా కఫీల్ ఫోన్ చేశాడు. కఫీల్ అంటే మా వీసాకూ, మా రాకపోకలకూ యజమాని. "ఉస్తాద్ రాహ్" అన్నాడు. ఉస్తాద్ అంటే పనిలో ఆరితేరినవాడు, మా మామను అందరూ పిలిచే పేరు. రాహ్ అంటే పోయాడని. మన తెలుగులో లాగే అరబీలోనూ ఊరికి పోయినా అదే మాట, ప్రాణం పోయినా అదే మాట. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒక్క క్షణం నాకు సంతోషం పొంగుకొచ్చింది. మామకు ఎగ్జిట్, అంటే దేశం విడిచి ఇంటికి పోయే అనుమతి, వచ్చేసింది, నాకు చెప్పకుండానే విమానం ఎక్కేశాడు అనుకున్నాను. "ఏ విమానం? ఎన్ని గంటలకు?" అని అడిగాను. అవతల కఫీల్ ఏడుస్తున్నాడు. అప్పటికి గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు.

మామ నాకు రక్తసంబంధం కాదు. నాది రాయచోటి, ఆయనది ఆ పక్క పల్లె. మేము దూదేకులవాళ్ళం, మా ఇంట్లోనూ తెలుగే. అంత ఇసుకలో రాయచోటి మాట చెవిన పడితే వరస కలుపుకోకుండా ఉండగలమా? ఆయన నాకు మామ, నేను ఆయనకు అబ్బీ. మిగతా లోకానికంతా ఆయన ఉస్తాద్.

దమ్మామ్ ఊరి బయట కఫీల్‌కు ఒక తోట ఉంది. చుట్టూ ఎత్తు గోడ, నాలుగు ఖర్జూరపు చెట్లు, కార్పెట్లు పరిచిన రేకుల వసారా. నేను అక్కడ వంటవాణ్ణి. ప్రతి గురువారం సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక కఫీల్ స్నేహితులు తుపాకి సంచులు భుజాన వేసుకుని దిగుతారు. వేటకు పోయేది ఏడాదిలో నాలుగు రోజులు. తక్కిన రోజులన్నీ మాటలే. ఏ తుపాకి ఎంత దూరం కొడుతుంది, ఏ దుర్భిణి అబద్ధం చెబుతుంది, లైసెన్సు కాగితాలకు ఎన్నిసార్లు తిప్పారు, ఇవే. నేను ఖహ్వా, అంటే వాళ్ళ కాఫీ, పోస్తూ పోస్తూ అరబీ నేర్చుకున్నది ఈ కబుర్లలోనే. అందుకే ఇప్పటికీ ఆస్పత్రిలో ఒళ్ళునొప్పి చెప్పుకోవడానికి మాట దొరకదు గానీ, తుపాకి ఎందుకు తన్నిందో మాత్రం గంటసేపు చెప్పగలను.

వాళ్ళలో ఒక రిటైరైన బడిపంతులు ఉండేవాడు, కఫీల్ చిన్నాన్న కొడుకు ఒకడు. ఇద్దరికీ ఒక్క క్షణం పడేది కాదు.

"మా తాత ఈ తుపాకితోనే పరిగెత్తే జింకను కొట్టాడు" అనేవాడు చిన్నాన్న కొడుకు.

"మీ తాత గురి చూస్తే జింక నిలబడి నవ్వేదట, నవ్వి నవ్వి చచ్చిందేమో" అనేవాడు పంతులు.

చివరికి ఇద్దరూ మామ వైపు తిరిగేవారు. మామ తుపాకి గొట్టంలో తుడిచే కమ్మి ఆడిస్తూ, తలెత్తకుండా, తనకొచ్చిన అరబీలో తీర్పు చెప్పేవాడు. "తుపాకి బాగానే ఉండాది. భుజమే బాగలేదు." వసారా అంతా పడీపడీ నవ్వేది.

నిజానికి మామ డ్రైవర్‌గా వచ్చాడు. ఊళ్ళో బోరు మోటార్లు బాగుచేసిన చెయ్యి అది. వచ్చిన కొత్తలో ఒకరోజు కఫీల్ జంటగొట్టాల తుపాకి బిగుసుకుపోతే, ఊరుకోక విప్పి స్ప్రింగు సరిచేసి ఇచ్చాడు. అంతే. స్టీరింగు ఇంకొకరికి పోయింది, నూనెగుడ్డ ఆయన చేతికొచ్చింది. "ఆ పొద్దు నా చేతులు జోబీలో పెట్టుకోనుంటే ఈ పొద్దు ఇంటికాడ ఉందును" అనేవాడు. పని బాగా రావడమే ఆయన మెడకు చుట్టుకుంది.

ఆ వసారాలో ఒక ఆచారం ఉంది. అది మామ పెట్టిందే. తుపాకి ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతే, ఇచ్చేవాడు తెరిచి చూపించి "ఫాదీ" అనాలి. ఖాళీ అని అర్థం. పుచ్చుకునేవాడు ఆ మాట నమ్మకూడదు. తూటా ఉండే చోట తన చిటికెనవేలు పెట్టి తడిమి, తానూ "ఫాదీ" అనాలి. ఒకప్పుడు ఎవరో చుట్టపాయన ఫాదీ అని ఊరికే అనేశాడట. అది పేలింది. మనుషులకేమీ కాలేదు, రేకుకు చిల్లు పడింది. కఫీల్ పూడ్పిస్తానంటే మామ ఒప్పుకోలేదు. "ఉండనీ, చూసుకుంటాండాల" అన్నాడు. సాయంత్రం పూట ఆ చిల్లు గుండా రూపాయి బిళ్ళంత వెలుగు కార్పెట్ మీద పడి నెమ్మదిగా జరిగేది. "చెయ్యి మారితే తెరిచి చూడాల అబ్బీ. కన్నతండ్రి ఇచ్చినా సరే." నాకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

ఊళ్ళో ఉన్న మామ భార్య, మా అత్తకు చూపు పోతూ వచ్చింది. పక్కల నుంచి మూసుకొస్తూ మధ్యలో కొంచెమే మిగిలే జబ్బు. తిరుపతి డాక్టరు, పోయిన చూపు రాదు, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నాడట. "గొట్టంలోంచి చూసినట్టుండాది" అని అత్త ఫోన్లో చెప్పిన రోజు మామ తుడుస్తున్న తుపాకిని పైకెత్తి, గొట్టంలోంచి చాలాసేపు గోడను చూశాడు. వీడియోలో మాత్రం అత్తకు మామ ముఖం పూర్తిగా కనిపించేది. "ఫోన్లో చిన్నగా ఉంటావు గదా, అంతా ఇముడుతావు" అని నవ్వేది. ఫోను పెట్టేశాక మామ నాతో అన్నాడు: "దాని కంటికి నేను ఇమడకుండా అయ్యేలోపల పోవాల అబ్బీ. మనిషిగా పోయి ఎదురుగా నిలబడాల."

ఆయన అడగని నెల లేదు. ఇంటి డ్రైవర్ వీసా కదా, కఫీల్ ఒప్పుకుంటేనే కదలగలడు. సెలవడిగినా, ఫైనల్ ఎగ్జిట్ అడిగినా ఒకటే జవాబు. రమదాన్ పోనీ, వేట సీజను పోనీ, బుక్రా, రేపు. కఫీల్ చెడ్డవాడు కాడు, అదే వచ్చిన చిక్కు. మామకు జ్వరమొస్తే పక్కన కూర్చుని పెద్దన్నకు తినిపించినట్టు సూప్ తాగించేవాడు. "నువ్వు పోతే నా తుపాకులు ఎవరు చూస్తారు?" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. తిట్టేవాడైతే తిరగబడొచ్చు. ఇలాంటివాణ్ణి ఏం చేస్తాం? మామ పాస్‌పోర్టు ఆ తుపాకుల ఇనుప బీరువాలోనే కింది అరలో ఉండేది. ప్రతి గురువారం తుపాకులు తీసేటప్పుడు ఒకసారి, పెట్టేటప్పుడు ఒకసారి దాన్ని చూసి తలుపు మూసేవాడు.

ఇక నా తప్పు చెప్పాలి. దీని కోసమే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం మామ కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. "ఖురూజ్ కాగితమంట అబ్బీ. వేలిముద్ర వేస్తే ఖలాస్ అన్నాడు. నీకు అరబీ సదవను వస్తాది గదా, చూడు." ఖురూజ్ అంటే ఎగ్జిట్. నాకొచ్చిన చదువు ఊళ్ళో మసీదులో నేర్చుకున్నది. అక్షరాలు కూడబలుక్కోగలను, అర్థం అంతంతమాత్రం. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకెప్పుడూ నామోషీ. చేతుల నిండా పిండి. వంగి చూశాను. మధ్య వరుసలో "ఖురూజ్ నిహాయీ" అని కనపడింది. ఫైనల్ ఎగ్జిట్! ఎగిరి గంతేశాను.

"మామా! వచ్చేసింది మామా!"

"బాగా చూసినావా?"

"చూసినా మామా, ఇదో, ఈడ రాసిండారు!"

పిండి చేతులతోనే కౌగిలించుకున్నాను. ఆయన వేలిముద్ర వేశాడు. ఆ రోజు సగ్గుబియ్యం పాయసం చేశాను. మామ అత్తకు ఫోన్ చేసి "వస్తాండా" అన్నాడు. ఆ ఒక్క మాటే నాలుగుసార్లు అన్నాడు.

నెలన్నర గడిచినా టికెట్ ఊసు లేదు. ఒక గురువారం మామ ఆ కాగితం నకలు తెచ్చి పంతులుకు చూపించాడు. చదువుతూ చదువుతూ పంతులు ముఖం మాడిపోయింది. "ఉస్తాద్, దీంట్లో లా ఉంది కదా" అన్నాడు. లా అంటే కాదు, వద్దు. ఫైనల్ ఎగ్జిట్ కోరుకోవడం లేదు, ఇంకో రెండేళ్ళు ఇష్టపూర్వకంగా పని చేస్తాను అని ఉంది అందులో.

లా! మేము విశ్వాసం చాటుకునే కలిమా మొదలయ్యేదే ఆ మాటతో. నాకు మాటలు రాకముందే మా అమ్మ చెవిలో వేసిన మాట. రోజూ నా నోట్లో తిరిగే మాట, ఆ కాగితంలో నా పాడు కంటికి ఆనలేదు. కన్ను ఖురూజ్ మీదికే ఉరికింది. తూటా ఉన్న తుపాకిని ఫాదీ అని మామ చేతిలో పెట్టాను.

మామ కఫీల్‌ను అడిగాడు. కఫీల్ నిజంగానే నొచ్చుకున్నాడు. "ఖురూజ్ గురించిన కాగితమనే కదా చెప్పాను? వేలిముద్ర నీదే కదా? నిన్ను పరాయివాడిలా చూశానా?" అన్నాడు. మామ కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చాడు. నేను వంటింట్లో తల గోడకేసి కొట్టుకుంటుంటే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"తప్పు నాది అబ్బీ. నువ్వు చెప్పినావు, నేను తీసుకుంటి. ఇంకొకరి చేత తెరిచి చూపించుకోనుండాల్సింది. చెయ్యి మారింది గదా."

తిట్టి ఉంటే బాగుండేది. చెంప పగలగొట్టి ఉంటే ఇంకా బాగుండేది. టీ అడిగి, తాగి పోయాడు. ఆ తర్వాత ఒక్కటే మాట తీసుకున్నాడు నా దగ్గర. "నా పని మాత్రం నేర్చుకోవాకు. నీ చెయ్యి మంచిదని తెలిసిందంటే నీకూ తలుపు మూస్తారు."

ఆ రెండేళ్ళు నిండటానికి ఇంకా నెలరోజులుంది. నేను మార్కెట్‌లో ఉన్న ఆ ఉదయం, వసారాలో కూర్చుని గుడ్డకు నూనె రాస్తూ పక్కకు ఒరిగిపోయాడట. గుండె.

శవం దేశం దాటాలన్నా ఫైనల్ ఎగ్జిట్ కావాలి. మూడు రోజుల్లో వచ్చేసింది. కఫీల్ కాగితం నా చేతికిచ్చి "ఖలాస్" అన్నాడు. నేను పక్కకు పోయి, చేతులు కడుక్కుని, మొదటి అక్షరం నుంచి వేలు పెట్టి చదివాను. అర్థమైనా కాకపోయినా ప్రతి మాటా పలికాను. ఎక్కడా లా లేదు. మళ్ళీ మొదటినుంచి చదివాను. లేదు.

ఊళ్ళో పెట్టె తెరిచినప్పుడు ఎవరో వీడియోలో చూపించారు. అత్త మామ ముఖం మీదికి వంగింది. ఎదురుగా ఉన్న మనిషి ఆమె కంటికి ఇమడలేదు. ముందు నుదురు చూసింది, తర్వాత ఒక కన్ను, మరో కన్ను, మీసం, గడ్డం. ముక్క ముక్కగా వేలితో తడుముకుంటూ చూసింది. "నల్లబడినావే" అంది. నేను ఫోన్ బోర్లించేశాను.

నిన్న గురువారం. పంతులు ఒక్కడే తలుపు దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. మామ కూర్చునే దిండును ఎవరూ కదపలేదు. కఫీల్ జంటగొట్టాల తుపాకి తెరిచి, కమ్మితో సహా నా ముందు పెట్టాడు. "ఫాదీ" అన్నాడు. "ఇన్నేళ్ళు పక్కనే ఉన్నావు, నీకు పని తెలుసు. ఇక నువ్వే ఉస్తాద్."

పుచ్చుకున్నాను. చిటికెనవేలు పెట్టి తడిమాను. గొట్టం కన్నుకు ఆనించి మామ దిండు వైపు చూశాను. మొత్తం కనపడలేదు. ఒక మూల కనపడింది, జరిపితే నూనెమరక, ఇంకా జరిపితే ఖాళీ కార్పెట్. తుపాకి దించి, కమ్మితో సహా కఫీల్ చేతికి తిరిగిచ్చాను.

"లా" అన్నాను.

రేకు చిల్లులోంచి దిగిన వెలుగు బిళ్ళ అప్పుడే మామ దిండు ఎక్కుతోంది.