ఆగితే వినిపించే చప్పుడు

కమలాకర్ ముప్పై ఏళ్లుగా సూరత్‌లో సాంచెలు నడిపిస్తున్నాడు. షెడ్డు నిండా ఆ మరమగ్గాలు దడదడలాడుతుంటే అతనికి మోతే వినిపించదు. ఒక్కటి ఆగిందో, చటుక్కున వినిపిస్తుంది. ఎక్కడో పోగు తెగిందన్నమాట, పరుగెత్తాలి.

కరోనా రెండో ఏడు కార్ఖానా మళ్లీ మూతపడింది. కోసాడ్ పేటలో వాళ్లుండే గది నిశ్శబ్దమైపోయింది. కమలాకర్ కూర్చోలేడు, పడుకోలేడు, పలకరిస్తే కసురుకుంటాడు. ఆంక్షలు సడలగానే బామ్మర్ది సంపత్ అక్కనూ బావనూ మాండ్వి వైపు అడవికి తీసుకెళ్లాడు.

కొండ అంచు వెంట కాలిబాట, కింద ఎక్కడో లోతున చెరువు. కీచురాళ్లు చెవులు గింగురుమనేలా అరుస్తున్నాయి. కమలాకర్ నడక నెమ్మదించింది. ఒక బండ మీద కుదురుగా కూర్చున్నాడు కూడా. అంతలో కీచురాళ్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అతను దిగ్గున లేచి కొండ అంచు వైపే ఉరికాడు. భార్య మంగ చొక్కా పట్టి వెనక్కి గుంజింది.

“ఏడికి ఉరుకుతున్నవయ్యా? పానం తీస్కుంటవా?”

“ఏందో బందయింది. సూడాలె గదా!”

“బందయినయి పురుగులు! కూసో జర.”

కూర్చున్నాడు గానీ కాళ్లు ఆడుతూనే ఉన్నాయి. అప్పుడు కింద చెరువు దగ్గర ఎవరో రైతు డీజిల్ ఇంజను వేశాడు. డబడబమని మోత కొండంతా పాకింది.

“ఛీ, గింత దూరమొచ్చినా గీ లొల్లేనా!” విసుక్కున్నాడు సంపత్.

మంగ నోటి మీద వేలు పెట్టి పక్కకు చూపించింది. కమలాకర్ బండకు తల ఆనించి గురక పెడుతున్నాడు.