నా నెత్తురే కొలత

రక్తాన్ని గాజు పలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూడటం నా పని. ఎల్లారెడ్డిలో ఓ చిన్న ల్యాబులో చేస్తాను. అక్కడ రక్తకణాల లెక్కలన్నీ మిషనే చూసుకుంటుంది. నేను పలక పెట్టేది మలేరియా పురుగును వెతకడానికే. రంగు సరిగ్గా పట్టిందో లేదో తెలియాలంటే ముందు బాగున్న మనిషి రక్తం ఒక చుక్క కావాలి. అందుకని నా వేలే పొడుచుకునేదాన్ని. ఏ రోగమూ లేనిదాన్ని, పైగా నన్ను నేను అడిగితే కాదనను. నా కణాలు ఎప్పుడూ చిన్నగా, నడుమ వెలిసిపోయినట్టు కనిపించేవి. తప్పు మా బోరు నీళ్ళదని తేల్చేశాను. రంగు కడిగేది వాటితోనే కదా. నీళ్ళను తిట్టడం నాకు అలవాటైపోయింది, అవి ఎదురు చెప్పవు.

ఒకసారి కామారెడ్డిలో ఆడపిల్లల కాలేజీలో రక్తహీనత పరీక్షల క్యాంపు పెట్టి నన్నూ పిలిచారు. జబ్బుపడ్డవాళ్ళకు కాదు, బాగున్నామనుకునేవాళ్ళకే పరీక్ష. అప్పుడు నాకు మూడో నెల. పొద్దున్నే వాంతి చేసుకుని బస్సెక్కాను. వరండాలో పిల్లలు వరస కట్టి, సూది చూసి కేకలు పెడుతూ, ఒకర్నొకరు తోసుకుంటూ నవ్వుతున్నారు. నన్ను మాత్రం కిటికీలకు దుప్పట్లు కట్టిన గదిలో కూర్చోబెట్టారు. ఎప్పటిలాగే ముందు నా పలక పెట్టుకున్నాను.

క్యాంపు నడిపే పెద్ద డాక్టరమ్మ లోపలికి వచ్చి నా పలక మీదికి వంగింది. చాలాసేపు తల ఎత్తలేదు.

"ఇది ఏ అమ్మాయిది?"

"నాదే మేడం. రంగు చూసుకునేందుకు పెట్టిన. నీళ్ళు మంచిగ లేవు."

"నువ్వు కడిగింది మేం తెచ్చిన నీళ్ళతోని కదా," అంది ఆమె.

నిజమే. బోరు ఎల్లారెడ్డిలోనే ఉండిపోయింది. ఆ వెలిసిపోవడం మాత్రం నా వెంట బస్సెక్కి వచ్చింది.

ఆమె ఇంకో పలక పెట్టింది. "ఇది మా వ్యాన్ డ్రైవర్‌ది. అదే రంగు, అవే నీళ్ళు. చూడు."

చూశాను. కణాలు పెద్దగా, నిండుగా, ఎర్రగా ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. నాకు భయం వేసింది. ఉబ్బిపోయిన ముఖాలేవో కిందనుంచి నన్నే చూస్తున్నట్టు అనిపించి కన్ను పక్కకు తీసేశాను. బాగున్న నెత్తురంటే అదేనని మనసుకు ఎక్కడానికి కాసేపు పట్టింది. చదువుకునేటప్పుడు పుస్తకంలో అలాంటి బొమ్మలు చూశాను. బొమ్మలు ఎవరైనా అందంగానే వేస్తారులే అనుకున్నాను. దీపం కింద చీకటంటే ఇదే కాబోలు.

ఐరన్ గోలీలు వేసుకుంటున్నావా అని అడిగింది. మొదటి నెల నుంచీ వేసుకుంటున్నానని చెప్పాను.

"ఇది ఐరన్ తక్కువై వచ్చింది కాదనిపిస్తున్నది. పుట్టుకతోనే వచ్చిందేమో. ఒక్కరికుంటే ఏం కాదు, నీలాగ మంచిగనే తిరుగుతరు. భార్యాభర్తలిద్దరికీ ఉంటేనే కష్టం. బిడ్డకు రెండు వైపుల నుంచి వస్తే ఒంట్లో రక్తం నిలవదు." పలక తీసి పక్కన పెడుతూ అడిగింది. "మీ ఆయన చుట్టమేనా?"

"మా మేనబావ."

రేపే అతని రక్తం చూడమని చెప్పింది.

బావకు మోటార్లు బాగుచేసే దుకాణం ఉంది. అంతకు ముందు కొన్నేళ్ళు గల్ఫ్‌లో పని చేశాడు. "దుబాయికి పోయేటప్పుడు మెడికల్‌ల పాసైన. నాకేం రోగముంటదే?" అని నవ్వుతూ వేలు చాపాడు. ఆయన పలకా నా పలకా పక్కపక్కన పెట్టి, ఇటోసారి అటోసారి చూశాను. అన్నీ తెలిసిన ముఖాలే. ఏది నాదో, ఏది ఆయనదో చెప్పలేకపోయాను. వేరే రోజైతే మురిసిపోయేదాన్ని. ఆ రోజు మాత్రం పలకలు రెండూ తీసి దాచేశాను.

హైదరాబాదులో పరీక్షలు చేసి ఇద్దరికీ ఆ లోపం ఉందని తేల్చారు. ఇక కడుపులో బిడ్డకు చెయ్యాలన్నారు. ఇంటికొచ్చి అత్తకు చెప్పాను. ఆమె మా నాన్నకు సొంత అక్క, సొంత మేనమామనే చేసుకుంది. చింతపండు పిసుకుతున్న చెయ్యి ఆగిపోయింది.

"మన రక్తం మనల్నేం జేస్తది బిడ్డా?" అంది.

అన్నదే కానీ ఆ తర్వాత పని సాగలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"నీ మొగనికంటె ముందుగాల ఇద్దరు పుట్టిండ్రు. ఒక పోరడు, ఒక పిల్ల. ఏడాది నిండకముందే తెల్లగయిండ్రు. గోర్లు సుత తెల్లగ. కడుపులు ఉబ్బినయి. గాలి సోకిందన్నరు. తాయత్తులు కట్టిచ్చిన, దర్గకు తీస్కపోయిన. ఒకల తర్వాత ఒకలు నా ఒళ్ళెనే సల్లవడ్డరు."

నాకు ఒళ్ళు మండింది. "గిన్నొద్దులు ఎందుకు చెప్పలే అత్తా?"

"పెండ్లిల పోయినోళ్ళ ముచ్చట తియ్యొద్దంటరు. కడుపుతోనున్న దాని ముంగట తియ్యొద్దంటరు. ఇగ ఎప్పుడు తియ్యాలె?"

బావకూ అప్పటిదాకా ఆ సంగతి తెలియదు.

హైదరాబాదు వెళ్ళి పరీక్ష చేయించుకుని వచ్చి రిపోర్టు కోసం ఎదురుచూశాం. ఆ రోజుల్లో ఇంట్లో పోయిన ఆ ఇద్దరు పిల్లలూ ఉన్నట్టే ఉండేది. పట్టపగలు, వంటగదిలో ఉండగా, వెనక గదిలో ఎవరో నేల మీద పాకిన చప్పుడయ్యేది. వెళ్ళి చూస్తే బియ్యం బస్తాలు తప్ప ఏమీ ఉండవు. అత్త అన్నం పెట్టేటప్పుడు గుమ్మం వైపు ఒకసారి చూసేది. ఎప్పటి నుంచి అలా చూస్తోందో నేను గమనించలేదు. నాకు ఆ పిల్లలంటే భయం లేదు. వాళ్ళు నా బిడ్డను తోడు రమ్మంటారేమోనని భయం.

మధ్యాహ్నం పూట ఫోను వచ్చింది. బిడ్డకు ఒక్క వైపు నుంచే వచ్చిందట, మాలాగే ఉంటుందట. బావ నా చేతిలో ఫోను లాక్కుని మళ్ళీ చెప్పమన్నాడు. నేను బిగ్గరగా ఏడ్చేశాను.

"బతుకుతదా?" అని అడిగింది అత్త.

"బతుకుతది అత్తా."

ఆమె లేచి వెళ్ళి గడపలో నిలబడింది. ఎండపడ్డ వాకిట్లోకి చూస్తూ, ఆడుకునే పిల్లల్ని బువ్వకు పిలిచినట్టు, గట్టిగా రెండు పేర్లు పిలిచింది. తన అన్న పేరూ అక్క పేరూ బావ వినడం అదే మొదటిసారి.