ఎల్డర్‌బెర్రీ పొద మీద కత్తెర

2003 జులైలో నార్త్ కరోలినాలో, క్యారీకి దగ్గరలోని ఒక కౌంటీ, అంటే జిల్లా, వ్యవసాయ విస్తరణ కార్యాలయంలో హార్టికల్చర్ ఏజెంటుగా చేరాను. పదకొండేళ్ళ తరవాత అక్కడే రిటైరయ్యాను. ఏజెంటంటే ఏదో అమ్మడానికి వచ్చిన మనిషి అనుకుని మనవాళ్ళు తలుపు సగమే తీసేవారు. పెరటి మొక్కలకి వచ్చే సమస్యలకి సలహా చెప్పడం నా పని. నా పైన కౌంటీ డైరెక్టర్. నాకు సాయంగా మాస్టర్ గార్డెనర్లు, అంటే మా దగ్గర శిక్షణ పొంది జీతం లేకుండా పనిచేసే తోటప్రియులు. ఉద్యోగానికి ఒక గట్టి నియమం ఉండేది. సలహా చెప్పాలి, కరపత్రం ఇవ్వాలి, ఫారం నింపాలి. ఇంటివారి మొక్క మీద మాత్రం మనం కత్తెర వెయ్యకూడదు.

ఆ నియమాన్ని నేను మొదటిసారి వంచింది 2009లో.

జనవరి చివర ఒక పొద్దున, సలహా కావాలని ఫోన్ వస్తే, క్యారీలో ఒక ఇంటికి వెళ్ళాను. ఆ రోజుల్లో పొగమంచు పైన్ చెట్ల మీంచి దిగివచ్చి, పది దాటినా ఇళ్ళ మధ్య కదలకుండా ఉండేది. ఇళ్ళన్నీ ఒకే రంగు, ఒకే కప్పు. నంబరు చూసుకునేదాకా ఏ ఇంటి ముందు ఆగానో నాకే తెలియలేదు. పెరట్లోకి వెళితే, ఆ తెల్లదనంలో కంచె పొడవునా ఒక బూడిదరంగు నీడ మనిషికి రెండింతల ఎత్తున నిలబడి ఉంది. ఒక్క ఆకు లేదు. నిద్రపోతున్నదాన్ని లేపుతానేమోనని నేను కూడా మెల్లగా నడిచాను.

అది ఎల్డర్‌బెర్రీ. ఈ దేశంలో వాగుల పక్కన దానంతటదే పెరిగే పొద. వేసవి మొదట్లో అరచేతులంత తెల్లని పూగుత్తులు వేస్తుంది. ఎండలు ముదిరాక మిరియాలంత నల్లటి పళ్ళు. పచ్చివి తింటే కడుపులో తిప్పుతుంది, ఉడికించి రసం తీసి పాకం కాచుకుంటారు. వేరు పైపైనే పాకి అడుగడుగునా పిలకలు లేపుతుంది. అందుకని ఏటా చలి చివర, అది నిద్రలో ఉండగానే, మూడేళ్ళు దాటిన కొమ్మల్ని మొదలంటా తీసెయ్యాలి. హద్దు దాటిన పిలకల్ని పారతో తెంచాలి. రెండేళ్ళు వదిలేస్తే ఏకు మేకై కూర్చుంటుంది.

ఇక్కడ అదే జరిగింది. ఎండినవీ పచ్చివీ కొమ్మలన్నీ చిక్కుపడి ఉన్నాయి. పిలకలు కంచె కింద నుంచి పక్కింటి పచ్చికలో తలలెత్తాయి. హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం, ఉత్తరం పంపింది. ఫిబ్రవరి నెలాఖరులోగా పొదని శుభ్రం చేసి హద్దులో పెట్టకపోతే వాళ్ళ మనుషులే వచ్చి వేళ్ళతో సహా పెకలిస్తారు.

ఇంటి ఇల్లాలు మాధురి. ముప్పై దాటలేదు, ఏడో నెల. భర్త కిరణ్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మాధురిది హెచ్-4 వీసా, ఉద్యోగం చెయ్యడానికి లేదు. ఆ పొదని నాటిందీ పెంచిందీ ఆ అమ్మాయే. కరివేపాకు కుండీకి పోసినట్టే దీనికీ రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పోసేదట. కరివేపాకు ఇక్కడ పరాయి ఊళ్ళో ఉంది కాబట్టి బుజ్జగించాలి, ఇది పుట్టింట్లో ఉంది, దీనికి కొసరి కొసరి పెడితే ఇల్లెక్కి కూర్చోదా అని వేళాకోళమాడాను. ఇద్దరూ నవ్వలేదు.

ఏటా కొయ్యాలని మా కరపత్రంలో ఉందే, చదవలేదా అని కొంచెం కటువుగానే అడిగాను. నాకు ఓపిక తక్కువ. కిరణ్ లోపలికి వెళ్ళి నాలుగు మడతల కాగితం తెచ్చాడు. మా కరపత్రమే. కింద రాసినవారి చోట నా పేరుంది.

రెండేళ్ళ కిందట ఫిబ్రవరిలో అది చదివి, అందులో ఉన్నది ఉన్నట్టు పాత కొమ్మలు కోశాడట. అప్పుడు మాధురికి నాలుగో నెల. వారం తిరక్కుండా గర్భం పోయింది. భార్య కడుపుతో ఉండగా భర్త పచ్చని చెట్టు మీద కత్తి వెయ్యకూడదన్న మాట ఇద్దరికీ అప్పుడే గుర్తొచ్చింది. ఆ తరవాత ఆ ఇంట్లో కత్తెర బయటికి రాలేదు. ఎవరి చేతనైనా కోయించవచ్చు కదా అంటే, చేయించినా చేసినట్టేనన్నాడు.

"లాజిక్ నాకూ తెలుసు ఆంటీ. ఆఫీస్‌లో రోజూ రూట్ కాజ్ గురించే మాట్లాడతాను. కానీ చెయ్యి రావట్లేదు."

పోనీ పెకలించనిస్తే పీడా పోతుంది కదా అనుకోవచ్చు. మాధురి ఒప్పుకోలేదు. ఆ ఏడాది వేసవంతా ఆ పొద కిందే కుర్చీ వేసుకుని కూర్చుందట. పూలు రాలి ఒళ్ళో పడుతుంటే దులుపుకోకుండా కూర్చునేదాన్నని చెప్పింది. "అది పోతే నాకిక్కడ ఏముంది ఆంటీ?" అంది.

ఆఫీసుకి తిరిగివచ్చి ఆ కరపత్రం మళ్ళీ చదివాను. ఒక్క తప్పు లేదు. అయినా నాకు సిగ్గేసింది.

మా పద్ధతుల్లో డెమో అని ఒకటుంది. ఒక పని ఎలా చెయ్యాలో మాస్టర్ గార్డెనర్లకి చూపించడానికి ఏదైనా స్థలం అడిగి తీసుకోవచ్చు. అక్కడ కత్తెర ఏజెంటు చేతిలోనే ఉంటుంది. కిరణ్‌కి ఫోన్ చేశాను. కొయ్యమని మీరు నన్ను అడగలేదు, నేనే అడుగుతున్నాను, మీ పెరడు ఒక పూట ఆఫీసుకి ఇవ్వండి, కోసేది కౌంటీ, పాపమేదైనా ఉంటే అదీ కౌంటీదే అన్నాను.  ఎన్నింటికి రావాలనుకుంటున్నారని అడిగాడు.

ఫిబ్రవరి మధ్యలో, మళ్ళీ పొగమంచు దిగిన ఒక పొద్దున, నలుగురు మాస్టర్ గార్డెనర్లతో వెళ్ళాను. ముదురు లేత తేడా తెలియనంతగా చిక్కుపడింది కాబట్టి మొత్తం నేల మట్టానికి కొయ్యాలని, కంచె దాటిన పిలకల్ని పారతో తెంచాలని వాళ్ళకి చెప్పి కత్తెర అందుకున్నాను. లోపలంతా బెండు కాబట్టి కొమ్మలు పెద్ద చప్పుడు లేకుండా తెగాయి. మంచు ఆ కాస్త చప్పుడునీ మింగేసింది. కిటికీ అద్దం వెనక మాధురి నీళ్ళలో మనిషిలా కనబడింది. చివరి కొమ్మ తెగాక శాలువా కప్పుకుని బయటికి వచ్చింది.

"మళ్ళీ వస్తుందా ఆంటీ?"

మా ఉద్యోగంలో ఎవరికీ మాటివ్వం. సాధారణంగా, చాలావరకు, వాతావరణాన్ని బట్టి, ఇవే మా మాటలు. నేను "వస్తుంది" అన్నాను. ఆ అమ్మాయి అడిగింది పొద గురించి ఒక్కటే కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ తరవాతి రోజులు నాకు కలలో నడిచినట్టే గడిచాయి. నాకు ఆ నమ్మకం లేదు. ఎవరైనా అడిగితే, మొక్క తెగితే గర్భం పోదని గంట ఉపన్యాసం ఇవ్వగలను. అయినా ఈసారి కోసింది నా చెయ్యి. ఫోన్ మోగితే నంబరు చూశాకే తీసేదాన్ని. ఆఫీసుకి వెళుతూ దారి మళ్ళి ఆ ఇంటి పక్కన కారు ఆపేదాన్ని. వానకి నానిన మోళ్ళు తప్ప ఏమీ కనిపించేది కాదు. మార్చి చివరికి పైన్ చెట్లు పుప్పొడి రాల్చడం మొదలుపెట్టాయి. రోడ్లు, కార్లు, మెయిల్‌బాక్సులు, చివరికి వాన నీళ్ళు కూడా పసుపు. ఊరికంతటికీ ఎవరో పసుపు రాసి వదిలినట్టుండేది. అలాంటి ఒక పొద్దున మాధురి ఫోన్ చేసింది.

"ఏడు మొలిచాయి ఆంటీ. ఎర్రగా ఉన్నాయి. అవేనా?"

అవే అన్నాను. హద్దు దాటినవాటి సంగతి పక్కింటివాళ్ళ పచ్చిక కోసే మెషిన్ చూసుకుంటుందన్నాను. బియ్యం నీళ్ళు ఆపమన్నాను. ఏప్రిల్ ఆఖరున పాప పుట్టింది. ఆ సంగతి కిరణ్ ఈమెయిల్‌లో రెండు ముక్కల్లో రాశాడు, కింద హెచ్‌ఓఏ వాళ్ళు ఫైల్ మూసేశారని కూడా. మరుసటి ఫిబ్రవరిలో కత్తెర అతనే పట్టాడు.

మా విజిట్ ఫారంలో మొదటి గడి మొక్క పేరు. ఆ ఏడాది నేను దానికి పైన ఇంకో గడి చేర్చాను: ఈ ఇంట్లో కోసేది ఎవరు? డైరెక్టర్ ఎందుకని అడిగితే, జాగ్రత్త కోసమన్నాను. అబద్ధం కాదు. ఎప్పుడు కొయ్యాలో, ఎంత కొయ్యాలో కరపత్రం చెప్పగలదు. ఎవరి చేత్తో కొయ్యాలో ఆ ఇంటికి వెళ్ళి అడిగితే గాని తెలియదు. రిటైరయ్యేలోపు ఆ గడిలో మూడుసార్లు నా పేరే రాసుకున్నాను.