హంతకుడి పేరు నేను చెప్పలేదు

చైనా యుద్ధం ముగిసిన మరుసటి చలికాలం, లడఖ్‌లో ఒక కొండకొమ్ము మీది పోస్టుకు చేరాను. పదిహేను వేల అడుగుల ఎత్తు. రాళ్లూ ఇసుక బస్తాలూ పేర్చిన బంకరు, ఒక కిరోసిన్ పొయ్యి, ఒక వైర్‌లెస్ సెట్టు. మనుషులం నలుగురం: హవల్దారు, వంటవాడు, వైర్‌లెస్ ఆపరేటరు, నేను. మంచుగాలి లేస్తే కింద ఉన్న మా మిలిటరీ కంపెనీకి దారి మూసుకుపోతుంది.

ఆపరేటరుది పులివెందుల పక్కన వేముల. నాది ప్రొద్దుటూరని తెలియగానే నా కిట్‌బ్యాగు లాక్కున్నాడు.

"పుస్తకాలేమన్నా తెచ్చినావాప్పా?"

ఒకటే ఉంది. అద్దె పుస్తకాల అంగడాయన "మిలిటరీకి పోతాండావు, ఉంచుకో" అని ఇచ్చిన డిటెక్టివ్ నవల. కొండ మీద బంగళా, జడివాన, కొట్టుకుపోయిన వంతెన, లోపల ఆరుగురు. వాళ్లలో ఒకడు హంతకుడు. మా ఊళ్లో ఒక దరిద్రపు అలవాటుంది. ముందు చదివిన వెధవ ఎవడో మొదటి పేజీలోనే పెన్సిలుతో హంతకుడి పేరు రాసిపెడతాడు. దీంట్లోనూ రాశాడు. ఒళ్లు మండింది. ఆ పేజీ చింపి పొయ్యిలో పడేశాను. పుస్తకం చేతికిస్తే ఆపరేటరు ఒక్కపూటలో ముగించేస్తాడు. అందుకని రోజుకు కొంచెం నేనే చదివి వినిపించాను.

ఆ చెత్త ఎందుకు చదువుతావని ఇప్పుడు మా ఊరి బడి అయ్యవార్లు నన్ను అడుగుతుంటారు. మంచులో చిక్కుకున్నవాడికి ఒంటరి బంగళా కథ ఇంకా భయం కదా అంటారు. కాదు స్వామీ! బంగళాలో చంపేవాడికి ఒక పేరుంటుంది, చివరికి దొరుకుతాడు. మమ్మల్ని చంపడానికి చూసే మంచును ఏ పోలీసు పట్టుకుంటాడు? ఆ బంగళా భయం మాకు హాయిగా ఉండేది. నమ్మకపోతే ఒక చలికాలం అక్కడుండి రండి.

ఒక ఉదయం గాలికి వైర్‌లెస్ ఏరియల్ పడిపోయింది. ఆపరేటరు వెళ్లి దాన్ని నిలబెట్టాడు గానీ, తిరిగి వస్తూ దారి తప్పాడు. హవల్దారూ నేనూ నడుముకు తాడు కట్టుకుని వెతికి లాక్కొచ్చాం. వాడి బట్టలు తడిసి బిగుసుకుపోయాయి. నాలుక మడతపడుతోంది, రెప్పలు వాలిపోతున్నాయి.

హవల్దారు సెట్టు మీద కంపెనీ డాక్టరును పిలిచాడు. జవాబు వచ్చింది. "తడి బట్టలు మార్చండి. వెచ్చగా ఉంచండి. నిద్రపోనివ్వద్దు. గాలి తగ్గగానే స్ట్రెచర్ పంపుతాం. ఓవర్."

హవల్దారు నన్ను పక్కకు లాగాడు. "నిద్రపోతే ఇక లేవడు. మాట్లాడించు. నీ డ్యూటీ అదే."

పుస్తకం తీశాను. ఇంక రోజుకు కొంచెం అనే మాట లేదు. చదువుతూనే పోయాను.

"శానా నిద్దరొస్తాందప్పా. చంపిండేది ఎవురో చెప్పు, రోంతసేపు పండుకుంటా."

"చెప్పను."

"నీకు తెల్సు గదా!"

"తెల్సు. చెప్పను గాక చెప్పను. కండ్లు తెరువు."

కాళ్లు పట్టుకున్నట్టు అడిగాడు. అయినా చెప్పలేదు.

చివరి అధ్యాయం వచ్చేసింది. గాలి మాత్రం తగ్గలేదు. పేజీ తిప్పితే హంతకుడికి సంకెళ్లు. నేను తిప్పలేదు. చదువుతున్నట్టే నటిస్తూ సొంతంగా అల్లాను. అసలువాణ్ణి నిర్దోషిని చేశాను. బంగళాకు కొత్తగా ఇద్దరిని రప్పించి, అందులో ఒకణ్ణి చంపేశాను.

ఆపరేటరు కళ్లు విప్పాడు. "వంతెన కొట్టుకపాయె గదా, వాళ్లెట్ల వచ్చిరి?"

"ఈదుకుంటా వచ్చినారు."

"ఆ వరదలోనా? ఎవురికి చెప్తాండావు కతలు!"

తిట్టు నాయనా, తిట్టు అనుకున్నాను. ఆ తర్వాత బంగళాలో ఇంకా ముగ్గురు చచ్చారు. వాడు ప్రతి చావుకూ పోట్లాడాడు.

మధ్యాహ్నానికి గాలి తగ్గింది. పొద్దు వాలకముందే కింద నుంచి స్ట్రెచర్ వచ్చింది.

అక్కడ నా డ్యూటీ గడువు ముగిశాక ఎర్రగుంట్లలో రైలు దిగి, ప్రొద్దుటూరు బస్సెక్కి ఇల్లు చేరాను. ఆపరేటరు రెండు కాలివేళ్లు పోగొట్టుకుని, ఇప్పుడు జమ్మలమడుగులో రేడియోలు బాగుచేస్తున్నాడు. కనపడినప్పుడల్లా అదే అడుగుతాడు. ఇప్పటికీ చెప్పలేదు.

యుద్ధం గురించి అడిగేవాళ్లకు ఏం చెప్పాలో నాకు తోచదు. నాకు కనపడేది ఒక్కటే. తెల్లటి వాలు మీద స్ట్రెచర్ దిగిపోతోంది. ఉన్ని టోపీకీ కంబళికీ మధ్య రెండు కళ్లు, కొండ మలుపు దాకా రెప్ప వేయకుండా, కోపంగా నన్నే చూస్తున్నాయి.